పరీక్షల దిగులు, 3వ పాఠం: దిగులుకి ఓ టైము

పోయిన పాఠంలో నిద్ర పట్టని రాత్రులు లెక్క రాయమన్నాను కదా. రాసినవాళ్ల కాగితాల్లో ఒకటే వరస: పగలంతా బానే ఉంటుంది, లైటు ఆర్పగానే మొదలు. సప్లీలు (తప్పిన పేపర్లు మళ్లీ రాయడం), ప్లేస్‌మెంట్లు, ఇంట్లో అప్పు చేసి కట్టిన ఫీజు, అన్నీ మంచం మీదికే వస్తాయి.

"ఆలోచించకు" అంటే లాభం లేదు, వద్దన్నకొద్దీ అదే గుర్తొస్తుంది. అందుకని వద్దనం, వాయిదా వేస్తాం. 1983లో అమెరికాలో థామస్ బోర్కోవెక్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు ఈ పద్ధతిని పరీక్షించి చూశారు: రోజూ ఒకే చోట, ఒకే టైముకి అరగంట దిగులుపడాలి, మిగతా వేళల్లో వచ్చినదాన్ని ఆ అరగంటకి తోసెయ్యాలి. మనకి 20 నిమిషాలు చాలు.

సాయంత్రం ఆరున్నర అనుకోండి. మంచం మాత్రం వద్దు, అది నిద్రకే. మన విశాఖ మద్దిలపాలెం హాస్టల్ రూముల్లో ఏకాంతం ఎక్కడిది, డాబా మెట్లు నయం. బీచ్ రోడ్డు గోడ బావుంటుందంటారు గానీ, మురీ మిక్చర్ బండి కనబడ్డాక దిగులు మాట దేవుడెరుగు.

అలారం పెట్టి, ఉన్నవన్నీ రాయండి. ఒక ఇంజనీరింగ్ సెకండియర్ కుర్రాడి పేజీ ఇది (ఎం2 అంటే రెండో మ్యాథ్స్ పేపరు):

"ఎం2 ఈసారీ పోతే?"
"నాన్నకి ఏం చెప్పను?"
"అందరికీ ఇంటర్న్‌షిప్ వచ్చేసింది."

ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న: రేపు దీనికి పది నిమిషాల పనేదైనా ఉందా? మొదటిదానికి ఉంది, పాత పేపర్లో రెండు లాప్లేస్ లెక్కలు. రెండోదానికి లేదు, రిజల్టే రాలేదు. గీత గీసేశాడు. మూడోదాని దగ్గర ఆగి, క్లాసులో పేర్లు వరసగా లెక్కపెట్టమన్నాను. అరవై మందిలో తొమ్మిది మంది తేలారు. వాడే నవ్వాడు.

అలారం మోగితే మధ్యలోనైనా లేచెయ్యాలి. రాత్రి మళ్లీ వస్తే చీటీ మీద "ఎం2, రేపు ఆరున్నర" అని రాసి బోర్లించండి. మొదటి మూణ్ణాలుగు రోజులు చీటీలు గుట్టవుతాయి, కంగారుపడకండి.

రెండు వారాలుగా తిండి, నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఇది నోటుపుస్తకంతో పోయేది కాదు. అప్పుడు వాయిదా వెయ్యకండి. వెంటనే 14416కి, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యండి. డబ్బులక్కర్లేదు, అర్ధరాత్రైనా తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకైనా వెళ్లొచ్చు. పిచ్చాసుపత్రి అని నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

వారం రోజులు చేసి చూడండి. నాలుగో పాఠంలో నాన్నకి ఫోన్ చేసి మార్కులు చెప్పడం. చీటీలు పారెయ్యకండి, వాటితో పనుంది.