కారుకు పగటి దీపాలు – మూడవ పాఠం: రిలే, పార్కింగ్ వైరు, ఎర్త్

మొదటి పాఠంలో దీపాల ఎంపిక గురించి, రెండవ పాఠంలో వాటిని బంపరుకు బిగించడం గురించి తెలుసుకున్నాం. రెండు దీపాల లోపలి అంచుల మధ్య కనీసం 600 మిల్లీమీటర్ల దూరం ఉండి, నేల నుండి ఎత్తు 250 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 1500 మిల్లీమీటర్లకు మించకుండా ఉంటే బిగింపు సరిగా ఉన్నట్లే. ఇప్పుడు వాటికి కరెంటు ఇవ్వాలి. ఊరికే వెలిగించడమైతే రెండు వైర్లను బ్యాటరీకి తాకిస్తే చాలు. దీపం ఎప్పుడు ఆరాలో నిర్ణయించే ఏర్పాటే ఈ పనిలో అసలు విద్య కాబట్టి పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ఆర్పడం ఎందుకంత ముఖ్యమో ముందు చూద్దాం. పగటి దీపం దారి చూపడానికి పెట్టేది కాదు, ఎదుటివారికి మన బండి కనబడడానికి పెట్టేది. స్వీడన్ 1977లోనే పగలు కూడా దీపాలు వేసుకుని నడపాలని నియమం పెట్టింది. ఐరోపా సమాఖ్యలో 2011 ఫిబ్రవరి నుండి కొత్త రకం కార్లన్నిటికీ పగటి దీపాలు తప్పనిసరి అయ్యాయి. ఆ దీపాలకు వర్తించే ఐక్యరాజ్యసమితి 87వ నిబంధన ప్రకారం ఒక్కో దీపం తీవ్రత నడిమధ్యన 400 క్యాండెలాలకు తగ్గకూడదు, ఏ దిక్కునా 1200 క్యాండెలాలకు మించకూడదు. ఎండలో కళ్లకు ఆనడానికి అంత కాంతి కావాలి. అయితే హెడ్‌లైటు డిమ్ వెలుగుకు పైన ఒక గీత గీసినట్లు కోత ఉంటుంది గానీ, పగటి దీపానికి అటువంటి కోత ఏదీ ఉండదు. దాని కాంతి నేరుగా ఎదుటి డ్రైవరు కళ్లలోకే పోతుంది. రాత్రి పూట సింగిల్ రోడ్డు మీద అది ఎదురుగా వచ్చే మోటార్‌సైకిల్ మనిషికి కళ్లు బైర్లు కమ్మేలా చేస్తుంది. అందుకే హెడ్‌లైటు వేయగానే పగటి దీపం తనంతట తానే ఆరిపోవాలని నిబంధనలు చెబుతాయి. డ్యాష్‌బోర్డు మీద విడిగా ఒక స్విచ్ పెట్టి, రాత్రి గుర్తుంచుకుని ఆపుకుంటామనే పద్ధతిని నేను ఈ పాఠాల్లో నేర్పను.

రిలే ఎంపిక

రిలే అంటే చిన్న కరెంటుతో మరో కరెంటు దారిని మార్చే స్విచ్. మనకు కావలసినది అయిదు కాళ్ల రిలే. 85, 86 అనే కాళ్ల మధ్య కాయిల్ ఉంటుంది. 30వ కాలు కరెంటు వచ్చే దారి. కాయిల్‌కు కరెంటు లేనప్పుడు 30వ కాలు 87ఎ అనే కాలితో కలిసి ఉంటుంది. కాయిల్‌కు కరెంటు అందగానే దాన్ని వదిలి 87వ కాలితో కలుస్తుంది. మామూలుగా హారన్‌కో, ఫాగ్ ల్యాంపుకో రిలే కట్టేటప్పుడు 87ను వాడతారు. మనం దానిని ఖాళీగా వదిలి 87ఎను వాడతాం. అంటే రిలే పడుకుని ఉన్నప్పుడు దీపం వెలుగుతుంది, రిలే లేచినప్పుడు ఆరుతుంది. పగలంతా కాయిల్‌కు పని ఉండదు కాబట్టి అది వేడెక్కదు కూడా.

దుకాణంలో రిలే తీసుకునేటప్పుడు అడుగున ఉన్న అంకెలు తప్పకుండా చదవండి. హారన్ సెట్లతో వచ్చేవి చాలావరకు నాలుగు కాళ్లవి. వాటికి 87ఎ ఉండదు. అయిదు కాళ్లు ఉన్నా కొన్నింటిలో మధ్య కాలి మీద కూడా 87 అనే ఉంటుంది. అది మనకు పనికిరాదు. ఇంటికి తెచ్చాక మల్టీమీటరుతో చూస్తే 85–86 మధ్య సుమారు 70 నుండి 100 ఓములు చూపాలి, 30–87ఎ మధ్య బీప్ రావాలి, 30–87 మధ్య రాకూడదు. 86కు 12 వోల్టులు, 85కు ఎర్త్ తాకించగానే టక్కుమని శబ్దం వచ్చి ఈ రెండూ తారుమారు కావాలి. ఈ పరీక్ష బల్ల మీదే పూర్తి చేసుకోండి; బంపరు వెనుక చెయ్యి దూరని చోట చేయవలసిన పరీక్ష కాదిది.

కాయిల్‌కు కరెంటు ఆగిన క్షణంలో దాని నుండి ఎదురు వోల్టేజీ ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఆ దెబ్బ కారు ఎలక్ట్రానిక్స్‌కు తగలకుండా 1ఎన్4007 అనే డయోడ్‌ను కాయిల్ కాళ్లకు అడ్డంగా, గీత ఉన్న కొస 86 వైపు ఉండేలా కట్టాలి. లోపలే డయోడ్ ఉన్న రిలేలు కూడా దొరుకుతాయి. వాటికి 85, 86 తారుమారు చేయకూడదు కాబట్టి రిలే ఒంటి మీద ముద్రించిన బొమ్మను చూసి కట్టండి.

కాయిల్‌కు ఏ వైరు?

చాలామంది ఎలక్ట్రీషియన్లు 86ను హెడ్‌లైటు డిమ్ వైరుకు కలుపుతారు. పైకి అది న్యాయంగానే అనిపిస్తుంది. కానీ డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 బల్బు వాడే చాలా కార్లలో బ్రైట్ వేసినప్పుడు డిమ్ ఆరిపోతుంది. అప్పుడు డిమ్ వైరులో వోల్టేజీ ఉండదు, రిలే పడుకుంటుంది, బ్రైట్‌తో పాటు పగటి దీపాలు కూడా వెలుగుతాయి. ఏ సమయంలో అవి కచ్చితంగా ఆరి ఉండాలో సరిగ్గా ఆ సమయంలోనే వెలుగుతాయన్న మాట. పైగా కొన్ని కార్లలో హెడ్‌లైటుకు ప్లస్ ఎప్పుడూ ఉండి, స్విచ్ ఎర్త్ వైపు పనిచేస్తుంది. అటువంటి కారులో డిమ్ వైరుకు కలిపితే ఏర్పాటంతా తలకిందులవుతుంది.

కాబట్టి నా సలహా పార్కింగ్ లైటు వైరు. హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నా, బ్రైట్‌లో ఉన్నా పార్కింగ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. పట్టపగలు ఎదుటివారిని హెచ్చరించడానికి డిప్పర్ కొట్టినప్పుడు మాత్రం అది వెలగదు, కాబట్టి పగటి దీపాలు మిణుకుమనకుండా నిలకడగా ఉంటాయి. నిబంధన కోరేది కూడా ఇదే: హెడ్‌లైటుతో హెచ్చరించే ఆ కాస్త సమయానికి పగటి దీపాలు ఆరనక్కరలేదు. ఒక్క పార్కింగ్ లైట్లు మాత్రమే వేసినప్పుడు కూడా పగటి దీపాలు ఆరిపోవడం ఈ పద్ధతిలో ఉన్న చిన్న లోటు. అది భరించదగినదే.

వైరు రంగును నమ్మవద్దు. కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి అది మారుతుంది. హెడ్‌లైటు వెనుక పార్కింగ్ బల్బు హోల్డరు దగ్గర మల్టీమీటరు నల్ల ముల్లును బాడీకి, ఎర్ర ముల్లును వైరుకు పెట్టి చూడండి. స్విచ్ ఆపి ఉంచినప్పుడు సున్నా, పార్కింగ్ వేసినప్పుడు సుమారు 12 వోల్టులు, డిమ్, బ్రైట్ రెండింటిలోనూ అవే 12 వోల్టులు చూపితే అదే మనకు కావలసిన వైరు. ఎనిమిదో తొమ్మిదో వోల్టులు చూపితే మాత్రం అక్కడే ఆగండి. కొత్త కార్లలో దీపాల వంటివాటిని నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె పార్కింగ్ దీపాలకు కరెంటును తునకలు తునకలుగా పంపిస్తుంది. దానికి రిలే కాయిల్ కట్టితే రిలే గిజగిజమంటూ కొట్టుకుంటుంది. సుమారు 150 మిల్లీయాంపుల అదనపు భారం చూసి ఆ మాడ్యూల్ బల్బు పాడైందని హెచ్చరిక కూడా చూపవచ్చు. అటువంటి కార్లకు రిలే బదులు కంట్రోలర్ వాడాలి. పార్కింగ్ వోల్టేజీని గమనించే దాని వైరు కొద్ది మిల్లీయాంపులు మాత్రమే తీసుకుంటుంది. దాని గురించి నాలుగవ పాఠంలో వివరంగా చెబుతాను.

ఇంకొక మాట. ఇగ్నిషన్ వైరు అక్కరలేదు, బ్యాటరీకి నేరుగా కట్టండి చాలు అని అమ్మే పెట్టెలు వోల్టేజీని చూసి పనిచేస్తాయి. ఇంజను నడుస్తుంటే సుమారు 13.8 నుండి 14.4 వోల్టులు ఉంటుంది, ఆగి ఉంటే 12.6 దాపున ఉంటుంది అనే లెక్క మీద అవి ఆధారపడ్డాయి. ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని తగ్గించే కార్లలో ఈ లెక్క కుదరక, నడిరోడ్డు మీద దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి.

ఇగ్నిషన్ కరెంటు

30వ కాలికి వచ్చే కరెంటు తాళం తిప్పినప్పుడే ఉండాలి. అందుకు ఫ్యూజు పెట్టెలో ఫ్యూజ్ ట్యాప్ పెడతాం. అది పాత ఫ్యూజు గూటిలో గుచ్చే ముక్క; అందులో పాత ఫ్యూజుకు ఒక గూడు, మన కొత్త వైరు ఫ్యూజుకు ఒక అదనపు గూడు ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజను కంట్రోల్, ఫ్యూయల్ పంపు ఫ్యూజుల జోలికి పోవద్దు. వైపరుదో, చార్జింగ్ సాకెట్‌దో ఎంచుకోండి. ఒక్కోటి 6 వాట్ల దీపాలు రెండు కలిపి ఒక యాంపు తీసుకుంటాయి. అదనపు గూటిలో 3 యాంపుల ఫ్యూజు సరిపోతుంది. వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది చాలు. అయిదు మీటర్ల పొడవుకు ఆ వైరులో పోయే వోల్టేజీ 0.12 మాత్రమే.

ఫ్యూజ్ ట్యాప్‌ను ఎటు తిప్పి గుచ్చినా దీపం వెలుగుతుంది; అందుకే తప్పు పైకి కనబడదు. తిరగేసి గుచ్చితే మన దీపాల కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది. సరిగా ఉందో లేదో ఇలా తేల్చుకోవాలి. ట్యాప్‌లో పాత సర్క్యూట్ ఫ్యూజును తీసేసి, మన 3 యాంపుల ఫ్యూజును మాత్రమే ఉంచి గూటిలో గుచ్చండి. తాళం తిప్పి, ట్యాప్ నుండి వచ్చే వైరు కొసన చూడండి. 12 వోల్టులు చూపితే సరిగా ఉన్నట్లు. సున్నా చూపితే ట్యాప్‌ను బయటికి లాగి, అటుది ఇటు తిప్పి గుచ్చండి. తరువాత పాత ఫ్యూజును దాని గూటిలో మళ్లీ పెట్టడం మరవద్దు.

కలపడం

మొదట 10 నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ విప్పి పక్కకు మళ్లించండి. ట్యాప్ వైరు 30కి, 87ఎ నుండి వచ్చే వైరు రెండుగా చీలి రెండు దీపాల ప్లస్‌లకు, పార్కింగ్ వైరు 86కు, 85 బాడీ ఎర్త్‌కు. 87 కాలికి ఏమీ కట్టకుండా స్లీవ్ తొడగండి. దీపాలకు ఇండికేటరు కోసం మూడవ వైరు ఉంటే, ప్రస్తుతానికి దాని కొసకు కూడా స్లీవ్ తొడిగి వదిలేయండి. వైర్లను కోసి జోడించే చోట నొక్కుడు క్లిప్పులు వాడవద్దు. మొదటి వర్షాకాలానికే వాటిలోకి తడి చేరి రాగి పచ్చబడుతుంది. క్రింప్ చేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి కాచండి. రిలేను కాళ్లు కిందికి ఉండేలా, సైలెన్సరు పైపుకు దూరంగా బిగిస్తే నీరు నిలవదు. వైర్లు ఇంజను గదిలోకి వెళ్లే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. అది లేకపోతే రేకు అంచు ఇన్సులేషన్‌ను నిదానంగా కోసేస్తుంది.

ఎర్త్ దగ్గర తొందరపడవద్దు. పెయింటు మీద బోల్టు బిగిస్తే కరెంటు బోల్టు మరల గుండా మాత్రమే పోతుంది. కొన్నాళ్లకు తుప్పు పట్టి దీపం మందగిస్తుంది. బోల్టు విప్పి, లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు రింగు) ఆనుకునే మేరకు మాత్రం గరుకు కాగితంతో రుద్దండి. ముందు రంగు పొడి రాలుతుంది, తరువాత బూడిద రంగు ప్రైమరు, ఆ అడుగున తెల్లగా మెరిసే రేకు బయటపడుతుంది. అక్కడ ఆపి, రింగు లగ్గు పెట్టి బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు పూయండి. దీపాలు వెలుగుతుండగా మల్టీమీటరు ఒక ముల్లు లగ్గు మీద, మరొకటి బ్యాటరీ మైనస్ మీద పెడితే 0.1 వోల్టు కంటే ఎక్కువ చూపకూడదు. ఎక్కువ చూపితే మళ్లీ విప్పి రుద్దడమే. టేపు చుట్టినంత మాత్రాన ఆ లోపం పోదు.

బ్యాటరీ తగిలించి వరసగా చూడండి. తాళం తీసి ఉండగా దీపాలు ఆరి ఉండాలి. తాళం తిప్పితే వెలగాలి. పార్కింగ్ వేయగానే టక్కుమని ఆరాలి. డిమ్, బ్రైట్ రెండింటిలోనూ ఆరే ఉండాలి. లైట్లన్నీ ఆపి డిప్పర్ కొడితే చలించకూడదు. స్టార్టరు తిరిగేటప్పుడు ఒక్క క్షణం ఆరితే కంగారు పడవద్దు, కొన్ని ఫ్యూజులకు ఆ సమయంలో కరెంటు ఆగడం సహజం. చీకటి గదిలో, తాళం తీసి, దీపాల ఎల్‌ఈడీలు మిణుగుతున్నాయేమో కూడా గమనించండి. మిణుగుతుంటే ట్యాప్ పెట్టిన ఫ్యూజు తాళంతో పూర్తిగా ఆగడం లేదన్న మాట. వేరే ఫ్యూజు వెతకాలి.

నాలుగవ పాఠానికి ముందు మీ కారులో పార్కింగ్ వైరు, డిమ్ వైరు, బ్రైట్ వైరు దగ్గర స్విచ్ ఒక్కో స్థానంలో ఉన్నప్పుడు ఎన్ని వోల్టులు వచ్చాయో నోటుబుక్కులో పట్టికగా రాసి ఉంచండి. ఆ అంకెలను బట్టే మీ కారుకు ఈ రిలే పద్ధతి సరిపోతుందో, కంట్రోలర్ కావాలో వచ్చే పాఠంలో నిర్ణయిస్తాం.