బిడ్డ బువ్వ తినట్లేదా? గిన్నె మార్చేముందు నిద్ర చూడండి

మా ఇంట్లో, చెల్లె ఇంట్లో, ఆడబిడ్డల ఇళ్లలో కలిపి ఏడెనిమిది మంది పిల్లలకు మొదటి బువ్వ నా చేతుల మీదుగానే నడిచింది. ఇప్పటికీ హనుమకొండ నుంచో కాజీపేట నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "అక్కా, ఏం పెట్టినా ఉమ్మేస్తున్నది" అని. నేను అడిగేది ఒకటే: పాలు ఎప్పుడు తాగింది? "ఇప్పుడే, పావుగంట అయింది." మరి ఇంకెందుకు తింటుంది! భోంచేసి చేయి కడుక్కున్న మనిషికి మళ్లీ విస్తరి వేస్తే ఏమంటాడు? పాలకూ బువ్వకూ మధ్య గంట, గంటన్నర ఎడం ఉండాలి. అట్లని మరీ మాడ్చినా పని కాదు, ఆకలితో గుక్కపట్టిన బిడ్డకు కావాల్సింది పాలే, చెంచాను చూస్తే ఇంకా కోపం వస్తుంది.

మిగతావి మీకు తెలిసినవే అనుకుంటున్నా. ఆరు నెలలు నిండాలి, మెడ నిలబడాలి, కాస్త ఆసరాతో కూర్చోవాలి. ఏడాది దాకా ఉప్పు, చక్కెర, తేనె వద్దు. తేనె అయితే నాలుకకు రాయడం కూడా వద్దు, పెద్దవాళ్లు ఎంత బతిమాలినా సరే. 6 నుంచి 8 నెలల మధ్య రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా అర కప్పు దాకా. తల్లిపాలు ఎప్పటిలాగే.

నోట్లో పెట్టగానే నాలుకతో బయటికి నెట్టేస్తోంది

రుచి నచ్చక కాదు. ఇన్నాళ్లూ ఆ నాలుకకు పాలు చప్పరించడమే తెలుసు, ముద్దను వెనక్కి తోయడం ఇప్పుడు నేర్చుకుంటోంది. ఆడపిల్ల అని అయిదో నెలలో అన్నప్రాసన చేసి, పాయసం నాకించి, ఆ మర్నాటి నుంచే గిన్నె పట్టుకుని కూర్చున్నారా? ఆ వేడుక వేరు, తిండి మొదలుపెట్టడం వేరు, ఆరు నెలలు నిండేదాకా ఆగండి. నిండినా నెట్టేస్తుంటే రెండు రోజులు ఆపి మళ్లీ చూడండి. ఒక రుచి అలవాటు కావడానికి పదిసార్లు పెట్టాల్సి రావచ్చు, రెండోసారికే "దీనికి క్యారెట్ పడదు" అని తీర్పు ఇచ్చేయకండి.

గిన్నెడు జావ తాగినా గంటకే ఏడుపు

జావ నీళ్లలా ఉంది, అంతే. చెంచాను పక్కకు వంచితే జారిపోకుండా నిలవాలి. మింగలేదేమో అని పల్చన చేసేకొద్దీ చిన్న పొట్ట నీళ్లతో నిండుతుంది, బలం మాత్రం రాదు. చిక్కగా కాచి అర చెంచా నెయ్యి వేయండి.

మొన్నటిదాకా తిన్నది, ఇప్పుడు గిన్నె కనబడితే చాలు ఏడుస్తోంది

నన్ను రెండు వారాలు ఏడిపించింది ఇదే. నా రెండోదానికి ఏడో నెల నడుస్తోంది, మధ్యాహ్నం ఒంటిగంటకు పెసరపప్పు బువ్వ లొట్టలేసుకుంటూ తినేది. ఉన్నట్టుండి రెండు చెంచాలు తినడం, మూడోదానికి నడుము విల్లులా వెనక్కి వంచి ఒకటే ఏడుపు. పాలు చూశాను, ఎడం సరిగ్గానే ఉంది. పండ్లు వస్తున్నాయేమో అన్నారు. పప్పు మానేసి రాగి పెట్టాను, రాగి మానేసి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కలిపాను (అందులో చక్కెర ముందే ఉంటుంది, పైనుంచి మీరు వేయకండి), అదీ కాదని డబ్బా పొడి కొన్నాను. అత్తమ్మ దిష్టి తీసింది. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో ఎండుమిరపకాయలకు కొదవా, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గారు, బిడ్డ మాత్రం తినలేదు.

చివరికి విసుగొచ్చి గోడ క్యాలెండర్ వెనకవైపు మూడు రోజులు రాసి పెట్టాను: ఎప్పుడు లేచింది, ఎప్పుడు పాలు, ఎప్పుడు బువ్వ, ఎప్పుడు కునుకు. అప్పుడు కనబడింది. అంతకుముందు ఆరింటికి లేచి, ఎనిమిదికొక కునుకు, పదకొండుకొక కునుకు తీసేది. పన్నెండుకు లేచి పాలు తాగి ఒంటిగంటకు హుషారుగా కూర్చునేది. నెల పెరిగింది, మెలకువగా ఉండే సమయమూ పెరిగింది, మొదటి కునుకు తొమ్మిదికి జరిగింది, రెండోది ఒంటిగంటకు వచ్చి పడింది. అంటే సరిగ్గా నిద్ర ముంచుకొచ్చే వేళకు నేను చెంచా పట్టుకుని ఎదురుగా కూర్చుంటున్నాను! బువ్వ వేళ మారలేదు, మారింది నిద్ర. మనం మాత్రం గిన్నెలో ఏముందో చూసుకుంటూ ఉంటాం.

ఇది పట్టుబడకపోవడానికి కారణం, నిద్రకు వచ్చిన బిడ్డ, తినను అనే బిడ్డ చూడ్డానికి ఒకేలా ఉంటారు. ఇద్దరూ మూతి తిప్పుతారు, ఇద్దరూ చెంచాను కొడతారు. కానీ కడుపు నిండినది నోరు మూసుకుని హాయిగా పక్కకు చూస్తుంది, గిన్నెతో ఆడుకుంటుంది. నిద్రకు వచ్చినది కళ్లు నలుపుకుంటుంది, చెవి లాక్కుంటుంది, మధ్యలో చూపు ఎటో నిలిచిపోతుంది. అనుమానముంటే గిన్నె పక్కన పెట్టి, చీకటి గదిలో భుజాన వేసుకుని జోకొట్టండి. అయిదు నిమిషాల్లో పడుకుందా, ఇక వంటలు మార్చే పని లేదు.

నేను చేసింది ఇంతే: పదింటికి కునుకు లేవగానే పాలు, పదకొండుంపావుకు బువ్వ, ఒంటిగంటలోపు నిద్ర. మూడో రోజుకు గిన్నె ఖాళీ. మీ ఇంట్లో వేళలు వేరుగా ఉంటాయి, నావి దించుకోకండి. లేచిన గంట, గంటన్నరకు బువ్వ పడేలా చూసుకుంటే చాలు, గడియారంలో ఎంతయితే మీకేం. ఇంట్లో అందరి అన్నం ఒంటిగంటకు కదా అని బిడ్డదీ అప్పుడే పెడదామనుకుంటారు, అక్కడే వస్తుంది చిక్కు. చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం, పెసరపప్పు వేరుగా ఉడికించండి, పది నిమిషాల పని. పొద్దున వండింది మాత్రం రెండు గంటలు దాటాక పెట్టకండి, అందులోనూ మన ఎండల్లో. ఇంకో రెండు మూడు నెలలకు కునుకులు మళ్లీ జరుగుతాయి, అప్పుడు మళ్లీ క్యాలెండర్ తిప్పండి.

మలం గట్టిపడింది

తిండి మొదలయ్యాక కొంచెం మారడం మామూలే. అరటిపండు, ఉత్త అన్నం తగ్గించి బొప్పాయి, కందగడ్డ (చిలగడదుంప) పెట్టండి, బువ్వతో పాటు కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు గుక్కలు పట్టండి. ఐరన్ చుక్కలు వేస్తుంటే నల్లగా వస్తుంది, టెన్షన్ పడకండి.

రాత్రి నిద్రపోతుందని పడుకునే ముందు కుక్కుతున్నాం

కుక్కకండి, పెద్దగా లాభం ఉండదు. కొత్తది ఏదైనా పొద్దునపూట పెట్టండి, పడకపోతే పగలే తెలుస్తుంది. ఒక్కో కొత్త పదార్థానికీ మూడు రోజుల ఎడం.

నోట్లో తెల్లపూత, నాలుక కింద అతుకు, పాల అలర్జీ లాంటివి కూడా కారణం కావచ్చు. పై వాటన్నిటినీ సరిచేసినా వారంలో మార్పు లేకపోతే, బరువు పెరగకపోతే, మూత్రం తగ్గితే, మలంలో రక్తం కనబడితే పిల్లల డాక్టర్‌కు చూపించండి. కొత్తది తిన్నాక పెదవులు వాచినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా క్యాలెండర్లూ కునుకులూ పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.