స్వీట్‌కార్న్ పొత్తులో గింజలు నిండలేదా? నా అనుభవం

మేడ మీద స్వీట్‌కార్న్ వేస్తే మొక్కలు మనిషెత్తు పెరిగేవి, పొత్తులూ వచ్చేవి. తీరా ఒలిచి చూస్తే పళ్లూడిన ముసలాయన నవ్వులా అక్కడో గింజ, ఇక్కడో గింజ. వర్మీకంపోస్టు పెంచాను, వేపనూనె కొట్టాను, విత్తనం మార్చాను, లాభం లేదు.

అసలు సంగతి పీచులో ఉంది. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకి దారి. పుప్పొడి పడని పోగుకి గింజ కట్టదు. నేనేమో పిట్టగోడ వెంట ఒకే వరుసలో కుండీలు పెట్టాను. పుప్పొడంతా గాలికి వీధిపాలు!

ఈసారి 12 మొక్కల్ని వరుసకి 4 చొప్పున 3 వరుసలుగా, అడుగు దూరంలో, ఒకేరోజు విత్తాను. మొక్క పైన జల్లు (పుప్పొడి రాల్చే మగపూల గుత్తి) విచ్చుకుని, పొత్తుల్లోంచి పీచు జిగటగా బయటికి రాగానే పని మొదలు. పొద్దున మంచు ఆరాక, 9, 10 గంటల మధ్య, జల్లుని ఒక పాత శుభలేఖ మీదికి వంచి వేలితో తట్టాను. పసుపులా పొడి రాలింది. వెంటనే తీసుకెళ్లి పక్క మొక్క పీచు మీద చల్లాను. వరుసగా 5 రోజులు ఇదే. తర్వాత మూడు వారాలకి పీచు ఎండి గోధుమరంగు తిరిగింది. గింజని గోటితో గిల్లితే పాలు చిమ్మాయి. కోసేశాను.

ఈసారి పొత్తులు గింజలతో నిండాయి. కొసన మాత్రం అంగుళం మేర ఖాళీయే, అబద్ధమెందుకు. గింజలు నిండింది వరుసలు మార్చినందుకా, చేత్తో చల్లినందుకా అంటే చెప్పలేను. రెండూ ఒకేసారి చేశాను. పైగా నేను విత్తింది అక్టోబరులో. మండువేసవిలో పుప్పొడి ఎండకి మాడిపోతుంది, అప్పుడు ఇదే ఫలితం వస్తుందని మాటివ్వను.