ఫిట్స్ గోలీ ఒంట్లోంచి ఏ దారిన పోతుందో తెలుసుకోండి

ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ గోలీలు నడుస్తుంటే ముందు ఒక సంగతి తేల్చుకోండి: ఆ మందు ఒంట్లోంచి లివర్ దారిన పోతుందా, కిడ్నీ దారినా? స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి.

లెవెటిరాసిటామ్ అయితే దాదాపు మూడింట రెండు వంతులు ఏ మార్పూ లేకుండా మూత్రంలో వెళ్లిపోతుంది, అందుకే కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకి డోసు తగ్గిస్తారు. దాంతో పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా ఫెనిటాయిన్‌తోనే. దాన్ని విరగ్గొట్టే లివర్ ఎంజైముల శక్తికి ఒక హద్దుంది, మామూలు డోసులోనే ఆ హద్దు దగ్గరపడుతుంది, ఆపైన గోలీ కొంచెం పెంచినా రక్తంలో మందు అమాంతం పెరిగిపోతుంది, సాయంత్రం అమీర్‌పేట చౌరస్తాలో ఇంకో నాలుగు బస్సులు వచ్చి చేరినట్టు. నడక తూలడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడటం మొదలైతే (తాగొచ్చాడేమో అనుకునేవాళ్లూ ఉంటారు) వెంటనే డాక్టర్‌కి చెప్పండి. రక్తంలో మందు ఎంతుందో చూసే లెవల్ టెస్టు రాస్తే, పొద్దున గోలీ వేసుకోకముందే రక్తం ఇవ్వడం మంచిది. పెద్దవాళ్లలో సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండేలా చూస్తారు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువున్నవాళ్లకి ఈ అంకె మోసం చేస్తుంది, రిపోర్టు చూసి మీరే డోసు మార్చకండి.

కార్బమజెపైన్‌ది ఇంకో తీరు. తనను కరిగించే ఎంజైముల్ని తనే పెంచుకుంటుంది, 3 నుంచి 5 వారాల్లో మొదటి డోసు చాలకుండా పోవచ్చు. డాక్టర్ అప్పుడు పెంచితే జబ్బు ముదిరిందని టెన్షన్ పడొద్దు.

కొత్త మందు ఏది రాసినా ఫిట్స్ గోలీల సంగతి ముందే చెప్పండి. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌ని రక్తంలో పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. ఫిట్స్ మందుల్లోనే వాల్‌ప్రోయేట్ వాడుతుంటే లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి దాన్ని చాలా చిన్న డోసుతో మొదలుపెడతారు, ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడే ఆడవాళ్లకి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, సిగ్గుపడకుండా అడగండి.

రంజాన్ ఉపవాసాలుంటే నెల ముందే డాక్టర్‌ని కలవండి. కొన్ని మందుల్ని సెహ్రీ, ఇఫ్తార్ వేళలకి సర్దవచ్చు, కొన్నిటికి రోజంతా నెమ్మదిగా పనిచేసే రకం ఉంటుంది. మీ అంతట మీరు ఒక పూట ఎగ్గొట్టడం, ఉన్నట్టుండి మానేయడం మాత్రం చేయకండి, ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.