పాత వీడియో క్యాసెట్లు డిస్క్‌లోకి ఎక్కిస్తుంటే సౌండ్ పగిలిపోతోందా? ఇలా చూసుకోండి

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా కళ్లు సర్దుకుంటాయి గానీ, మాట పగిలితే రెండు నిమిషాలు కూడా వినలేం. ఇప్పుడు మన మధ్య లేని మనిషి గొంతు ఆ టేపులో ఉంటే ఇక చెప్పక్కర్లేదు, ఆ గరగర వింటుంటే మనసు చివుక్కుమంటుంది. అందుకే ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎక్కించేటప్పుడు పగిలిన సౌండ్‌ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. టేపు ఇంకా మీ దగ్గరే ఉంది కాబట్టి తప్పెక్కడుందో పట్టుకుని మళ్లీ ఎక్కించుకోవడమే మంచిది, నిజానికి అదే తక్కువ పని కూడా.

నేను మొదటిసారి మూడు గంటల క్యాసెట్ మొత్తం ఎక్కించి, డిస్క్ రైట్ చేసి, అప్పుడు కూర్చుని విన్నాను. మొదటి నుంచి చివరి దాకా పగిలే ఉంది. అప్పట్నుంచి ఐదు నిమిషాలు రికార్డు చేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినకుండా ఏ టేపూ మొదలుపెట్టడం లేదు. మీరూ అలాగే చేయండి. ఆ ఐదు నిమిషాలూ టేపు మొదట్లోవి కాకుండా బాగా గోలగా ఉన్నచోట, అంటే చప్పట్లు, పాట, ఎవరో పడీపడీ నవ్వడం లాంటివి ఉన్నచోట తీసుకోండి. మెల్లగా మాట్లాడుకునే చోట ఏ తప్పూ బయటపడదు.

తప్పు టేపులో ఉందా, దారిలో ఉందా

వీసీఆర్‌ని నేరుగా టీవీకి కలిపి అదే ఐదు నిమిషాలూ వినండి. టీవీలో శుభ్రంగా వినిపించి కంప్యూటర్‌లోనే పగులుతోందంటే టేపు తప్పేమీ లేదు, వీసీఆర్ తర్వాత ఎక్కడో తేడా ఉంది. టీవీలో కూడా పగులుతోందంటే కంప్యూటర్ సెట్టింగులు ముట్టుకోకండి, అక్కడ ఎన్ని గంటలు కూర్చున్నా ఉపయోగం లేదు. చాలామంది ఈ చిన్న పరీక్ష వదిలేసి సాఫ్ట్‌వేర్లు మార్చుకుంటూ వారం గడిపేస్తారు.

టీవీలో బాగుంది, కంప్యూటర్‌లో పగులుతోంది

ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది వీసీఆర్ కేబుల్ ఏ జాక్‌లో పెట్టారన్నది. వీసీఆర్ వెనక ఎరుపు, తెలుపు పిన్నుల్లోంచి వచ్చేది లైన్ లెవెల్, సుమారు 0.3 వోల్టులు. కంప్యూటర్‌లో మైక్ కోసం ఇచ్చిన జాక్ ఎదురుచూసేది కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. అంటే పదుల రెట్లు ఎక్కువ సిగ్నల్‌ని దాంట్లోకి తోస్తున్నామన్నమాట, గడప దగ్గరే సౌండ్ పగిలిపోతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ తగ్గిస్తే సౌండ్ చిన్నదవుతుంది కానీ పగులు అలాగే ఉంటుంది, ఎందుకంటే స్లైడర్ దాకా రాకముందే అది పగిలింది. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో సాధారణంగా గులాబీ రంగు జాక్ మైక్‌ది, నీలం రంగుది లైన్ ఇన్. మనకి కావలసింది నీలం. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక్క జాక్ దాదాపుగా హెడ్‌సెట్ మైక్ కోసమే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకోకుండా, వీడియో క్యాప్చర్ పరికరానికే (వీసీఆర్ బొమ్మనీ సౌండ్‌నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేది) ఉన్న ఆడియో పిన్నులు వాడండి, లేదా లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో పరికరం తెచ్చుకోండి.

పిన్నులు సరిగ్గానే పెట్టినా సాఫ్ట్‌వేర్ మాత్రం ల్యాప్‌టాప్ లోపలి మైక్ నుంచి రికార్డు చేస్తూ ఉండొచ్చు. అప్పుడు సౌండ్ గదిలో ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు, వెనకాల వీసీఆర్ మోటార్ చప్పుడుతో కలిసి వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ మీద వేలితో తట్టండి, సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ లెవెల్ చూపే మీటర్ కదిలిందంటే అదే మైక్. ఆడియో ఇన్‌పుట్ దగ్గర క్యాప్చర్ పరికరం పేరు ఎంచుకుంటే సరిపోతుంది.

అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో పని చేయండి. రికార్డింగ్ సెట్టింగుల్లో మైక్ బూస్ట్ సున్నాకి తెచ్చేయండి, ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ సప్రెషన్, ఎన్‌హాన్స్‌మెంట్స్ లాంటివన్నీ ఆపేయండి. ఇవి ఫోన్లో మాట్లాడే గొంతు కోసం పెట్టినవి. పాట వస్తే దాన్ని కూడా రొద అనుకుని మింగేస్తాయి, నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. ఆటోమేటిక్ గెయిన్ అయితే ఎవరూ మాట్లాడని చోట టేపు హిస్‌ని (వెనకాల ఉండే సన్నటి బుస చప్పుడుని) పైకి లాగి, ఎవరైనా మాట్లాడగానే ఒక్కసారిగా కిందికి నొక్కేస్తుంది.

ఇక లెవెల్. పాత టేపు రికార్డర్ల అలవాటు ఉన్నవాళ్లు మీటర్ ఎర్ర గీతకి తగిలేలా పెడతారు, టేపులో అది చెల్లింది. డిజిటల్‌లో 0 డెసిబెల్ దాటితే ఏమీ మిగలదు, అల పైభాగం కత్తిరించినట్టు చదునుగా అయిపోతుంది. అందుకే టేపులో అన్నిటికంటే గోలగా ఉన్నచోట మీటర్ మైనస్ 6 దగ్గర ఆగేలా పెట్టండి, మామూలు మాటలు మైనస్ 18, 20 మధ్యన ఉన్నా కంగారు పడకండి. తక్కువలో రికార్డు చేస్తే క్వాలిటీ పోతుందేమోనని టెన్షన్ అక్కర్లేదు, 16 బిట్ రికార్డింగ్‌లో సుమారు 96 డెసిబెల్స్ జాగా ఉంటుంది, వీహెచ్ఎస్ టేపు మామూలు ట్రాక్ మీద ఉన్న సొంత హిస్ దానికంటే చాలా పైన ఉంటుంది. సౌండ్ తర్వాత పెంచుకోవచ్చు.

కొన్ని చవక క్యాప్చర్ స్టిక్కులకి (యూఎస్‌బీలో పెట్టే చిన్న క్యాప్చర్ పరికరాలు) లెవెల్ తగ్గించే వీలే ఉండదు. వీటిని గుర్తుపట్టడానికి ఒక తేలికైన దారి ఉంది: రికార్డు చేసిన సౌండ్‌ని ఆడాసిటీలో (ఉచితంగా దొరికే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) తెరిచి అలల బొమ్మ చూడండి. శిఖరాలన్నీ ఒకే ఎత్తులో, కత్తెరతో కోసినట్టు ఉన్నాయి, కానీ ఆ ఎత్తు 0 కంటే కిందే ఉంది అంటే ఆ స్టిక్ లోపల, లెవెల్ కొలవకముందే పగిలిందన్నమాట. దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. వీసీఆర్‌కి, స్టిక్‌కి మధ్యలో వాల్యూమ్ కంట్రోల్ ఉన్న ఆడియో కేబుల్‌నో, చిన్న మిక్సర్‌నో పెట్టి సిగ్నల్ తగ్గించాలి. నేనైతే బొమ్మని స్టిక్ నుంచి, సౌండ్‌ని విడిగా లైన్ ఇన్ నుంచి తీసుకుంటాను, క్యాప్చర్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు దీన్ని ఒప్పుకుంటాయి. కాకపోతే రెండు పరికరాల గడియారాలు వేరు కాబట్టి పొడుగు టేపుల్లో పెదాలకీ మాటకీ మధ్య తేడా మెల్లగా పెరగొచ్చు, చివరి పది నిమిషాలు తప్పకుండా చూసుకోండి.

సౌండ్ పగలడం కాకుండా గొంతులు సన్నగానో బొంగురుగానో మారితే, లేదా క్రమం తప్పకుండా టిక్ టిక్‌మంటుంటే శాంపిల్ రేట్ (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందన్నది) చూడండి. డీవీడీ వీడియోకి కావలసింది 48 కిలోహెర్ట్జ్. పరికరం ఒకచోట 44.1, సాఫ్ట్‌వేర్ ఇంకోచోట 48 అనుకుంటే వేగంలో దాదాపు 9 శాతం తేడా వస్తుంది, తెలిసిన గొంతు కూడా పరాయిదిలా వినిపిస్తుంది. అన్నిచోట్లా 48 పెట్టేయండి.

టీవీలో కూడా పగులుతోంది

వీహెచ్ఎస్ టేపులో సౌండ్ రెండు చోట్ల ఉండొచ్చన్న సంగతి తెలిస్తే సగం సమస్య ఇక్కడే తేలిపోతుంది. ఒకటి టేపు పై అంచున సన్నటి గీతలా నడిచే మామూలు ట్రాక్, దీన్నే లీనియర్ అంటారు. పాల్ పద్ధతిలో (మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) మామూలు వేగంలో వీహెచ్ఎస్ టేపు సెకనుకి 2.34 సెంటీమీటర్లే కదులుతుంది, పాటల క్యాసెట్ 4.76 కదిలేది, అందుకే లీనియర్ సౌండ్ ఎప్పుడూ కాస్త మూసుకుపోయినట్టే ఉంటుంది, ఎల్‌పీలో, అంటే సగం వేగంలో రికార్డు చేసినదైతే ఇంకా ఎక్కువ. రెండోది హైఫై, ఇది వీసీఆర్ లోపల తిరిగే డ్రమ్ మీది హెడ్లు (టేపుని రాసే, చదివే చిన్న భాగాలు) బొమ్మ కిందుగా, టేపు లోతుల్లో రాసిన సౌండ్. బాగా చదివితే అద్భుతంగా ఉంటుంది. చదవలేకపోతే జుర్రుమని, బరబరమని ఒక రొద వస్తుంది, ఎందుకంటే డ్రమ్ మీద రెండు హెడ్లు సెకనుకి 50 సార్లు (అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 60 సార్లు) ఒకదాని తర్వాత ఒకటి పని అందుకుంటాయి, ఆ అతుకు సరిగ్గా పడకపోతే ప్రతిసారీ ఒక చిటుకు వినిపిస్తుంది.

కాబట్టి ఆ బరబర వినిపిస్తే ముందు ఆటో ట్రాకింగ్ (హెడ్లు టేపు మీది గీతల మీదే నడిచేలా వీసీఆర్ సర్దుకోవడం) ఆపి, చేత్తో మెల్లగా ట్రాకింగ్ మార్చుతూ చెవితో వినండి. బొమ్మ బాగున్న చోటే సౌండ్ బాగుండాలని లేదు, ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ జరిపితే రొద మాయమవుతుంది. అయినా పోకపోతే వీసీఆర్ మెనూలో గానీ రిమోట్‌లో గానీ ఆడియో బటన్‌తో హైఫై నుంచి నార్మల్‌కి మార్చండి. హైఫై వీసీఆర్లు మామూలుగా లీనియర్ ట్రాక్‌ని కూడా కలిపే రాస్తాయి కాబట్టి అదే సౌండ్ మోనోలో, కొంచెం మందంగా, కానీ రొద లేకుండా దొరుకుతుంది. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: ఎవరైనా తర్వాత ఆడియో డబ్బింగ్ చేసి పాటో మాటో కలిపి ఉంటే అది లీనియర్ ట్రాక్ మీదే పడుతుంది, అసలు సౌండ్ హైఫైలో అలాగే ఉండిపోతుంది. అందుకని రెండూ విని చూడండి, ఎప్పుడో పోయిందనుకున్న మాటలు హైఫైలో దొరకొచ్చు.

సౌండ్ బాగా మూసుకుపోయి, దుప్పటి కప్పినట్టు ఉంటే హెడ్ మురికిగా ఉంది. వీసీఆర్ ప్లగ్ తీసి కాసేపు ఆగి మూత తీయండి. లీనియర్ సౌండ్ చదివే హెడ్ కదలకుండా ఉంటుంది, ముందు నుంచి చూస్తే డ్రమ్‌కి కుడివైపున, రబ్బరు రోలర్‌కి ముందు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి దాన్ని తుడవండి, పుల్ల గోధుమ రంగుకి తిరిగితే ఆశ్చర్యపోవద్దు. డ్రమ్‌కి మాత్రం దూది పుల్ల అసలు తగలనివ్వొద్దు, దూది పోగులు చిక్కుకుని సన్నటి హెడ్లు విరిగిపోతాయి. మెత్తటి తోలు ముక్కని ఆ ఆల్కహాల్‌తోనే తడిపి డ్రమ్‌కి ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్‌ని పైనుంచి వేలితో తిప్పాలి, ముక్కని పైకీ కిందికీ రుద్దకూడదు. ఆరేదాకా ఆగి అప్పుడు టేపు పెట్టండి.

గొంతు ఊగుతున్నట్టు, పాట సాగదీసినట్టు ఉంటే ఆ రబ్బరు రోలర్ గట్టిపడి టేపుని సరిగ్గా లాగడం లేదు. తుడిచి చూడండి, అప్పటికీ నున్నగా మెరుస్తుంటే మార్చాల్సిందే. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న టేపుని ప్లే చేసే ముందు చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చుకుంటే చుట్టలోని బిగుతు సమానమవుతుంది. తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్‌లో పెట్టొద్దు, హెడ్లూ పాడవుతాయి, తర్వాత పెట్టే ప్రతి టేపుకీ అంటుకుంటుంది.

శుభ్రం చేసినా మూసుకుపోయినట్టే ఉంటే ముందు ఇంకో వీసీఆర్‌లో పెట్టి చూడండి. రికార్డు చేసిన మిషన్‌లో ఆడియో హెడ్ కొంచెం వంగి ఉంటే, మీ మిషన్‌లో నిటారుగా ఉన్న హెడ్ దాన్ని సరిగ్గా చదవలేదు. హెడ్ పక్కనున్న స్క్రూని కొద్దిగా తిప్పి ఆ వంపుని కలపొచ్చు, కానీ మొదట స్క్రూ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి, పావు తిప్పు కంటే ఎక్కువ వద్దు, టేపు అయ్యాక మళ్లీ గీత దగ్గరికి తెచ్చేయండి. హెడ్‌ని అటూ ఇటూ జరిపే నట్ వేరే ఉంటుంది, దాన్ని కదిపితే బొమ్మ ట్రాకింగ్ కూడా పోతుంది. ఇది మిషన్ నడుస్తుండగా చేసే పని, లోపల పవర్ సప్లై షాక్ కొడుతుంది. అలవాటు లేకపోతే మెకానిక్‌కి వదిలేయండి.

ఒకవైపు ఛానెల్ మాత్రమే పగులుతుంటే దాంతో యుద్ధం చేయకండి, బాగున్న ఛానెల్‌ని రెండు వైపులకీ కాపీ చేయండి.

గుయ్యిమనే మోత

ఇది టేపు తప్పు కాదు, కరెంటుది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, వీసీఆర్‌కి కేబుల్ టీవీ తీగ ఉంటే తీసేయండి. మోత ఆగిందంటే గ్రౌండ్ లూప్, అంటే కలిపిన పరికరాల ఎర్త్‌ల మధ్య కరెంటు తిరుగుతోందన్నమాట. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, అప్పటికీ ఉంటే మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

టేపులోనే పగిలి ఉంటే

చిత్రీకరించిన రోజే మైక్‌లో పగిలిన సౌండ్ కొన్ని టేపుల్లో ఉంటుంది, దాన్ని కొంత మెత్తబరచడమే మన చేతిలో ఉంది. అసలు ఫైల్ కాపీ తీసి పక్కన పెట్టాకే మొదలుపెట్టండి. ఆడాసిటీలో క్లిప్ ఫిక్స్ చిన్న చిన్న పగుళ్లకి పనిచేస్తుంది, పూర్తిగా చదునైపోయిన చోట పెద్దగా ఏమీ చేయలేదు. మోత మిగిలితే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర (60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 60, 120, 180) నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క స్వరాన్నే తీసేసేది) వేయండి. చెవుల్లో సన్నటి ఈల వినిపిస్తుంటే అది 15,625 హెర్ట్జ్ దగ్గర బొమ్మ సిగ్నల్ సౌండ్‌లోకి కారడం వల్ల వచ్చేది, దాన్నీ నాచ్‌తో తీసేయొచ్చు. హిస్‌కి నాయిస్ రిడక్షన్ 6 నుంచి 10 డెసిబెల్స్ చాలు, ఎవరూ మాట్లాడని ఒక్క సెకను నమూనాగా చూపించండి. మొత్తం హిస్ పోవాలని పట్టుబడితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది, కొంచెం హిస్‌తో ఉన్న నిజమైన గొంతే నాకు నచ్చుతుంది.

చివర్లో డిస్క్ తయారుచేసేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో నార్మలైజ్ (సౌండ్ లెవెల్‌ని దానంతటదే మార్చేది) అనే టిక్ ఉంటుంది. మీరు ముందే లెవెల్ సరిచేసుకున్నారు కాబట్టి అది తీసేయండి, శిఖరాలు మైనస్ 2 దగ్గర ఉంటే చాలు. ఆడియోకి పీసీఎం (కుదించని సౌండ్) ఎంచుకుంటే నష్టం ఉండదు కానీ సెకనుకి 1536 కిలోబిట్లు తింటుంది, బొమ్మకి జాగా తగ్గుతుంది, అందుకే పొడుగు టేపులకి కుదించిన డాల్బీ డిజిటల్ 192 గానీ 256 కిలోబిట్లు గానీ పెట్టండి. మొదటి డిస్క్ తిరగరాయగలిగే ఆర్‌డబ్ల్యూ మీద వేసి, కంప్యూటర్‌లో కాకుండా టీవీకి కలిపిన ప్లేయర్‌లో మొదట్లో, మధ్యలో, చివర్లో వినండి. బాగుంటేనే మామూలు డిస్క్ మీద రాయండి, ఎక్కించిన అసలు ఫైల్‌ని మాత్రం డిస్క్ అయిపోయింది కదా అని చెరిపేయకుండా వేరే డ్రైవ్‌లో దాచుకోండి.