ఎన్‌జీస్పైస్‌లో ‘సింగ్యులర్ మ్యాట్రిక్స్’ ఎర్రర్: నా అనుభవం

భీమవరం దగ్గర మా బావమరిది రొయ్యల చెరువులకి, కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే వెంటనే హారన్ మోగే బోర్డు చేస్తున్నాను. రాత్రిపూట ఏరేటర్ ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు. అందుకే సోల్డరింగ్‌కి ముందే ఎన్‌జీస్పైస్‌లో (సర్క్యూట్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూసే సాఫ్ట్‌వేర్) సర్క్యూట్ పెట్టి చూశాను. రన్ చేయగానే ‘సింగ్యులర్ మ్యాట్రిక్స్’ అంది, అంటే సర్క్యూట్ సమీకరణాలకి ఒకే జవాబు తేలట్లేదని.

కనెక్షన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. చిక్కంతా ఆప్టోకప్లర్ (రెండు వైపుల్నీ తీగతో కలపకుండా వెలుతురుతో సిగ్నల్ పంపే భాగం) దగ్గర. మెయిన్స్ వైపు 230 వోల్టుల సోర్సు, రెసిస్టర్, లోపలి ఎల్‌ఈడీ. వీటికి గ్రౌండుతో ఏ సంబంధమూ లేదు. అసలు ఆప్టోకప్లర్ పెట్టేదే అందుకు! కానీ ఎన్‌జీస్పైస్ ప్రతి నోడ్ (తీగలు కలిసే చోటు) వోల్టేజీనీ సున్నా నోడ్ (గ్రౌండు) నుంచే లెక్కగడుతుంది. అక్కడికి డీసీ దారి లేకపోతే ఆ నోడ్‌కి ఫలానా వోల్టేజీ అని తేలదు. డీసీని ఆపేసే రెండు కెపాసిటర్ల మధ్య ఇరుక్కున్న నోడ్‌దీ ఇదే గొడవ.

న్యూట్రల్ నుంచి సున్నా నోడ్‌కి 1 గిగా ఓమ్ రెసిస్టర్ వేశాను. ఎర్రర్ పోయింది. ఇది సిమ్యులేషన్‌కి మాత్రమే, అసలు బోర్డు మీద పెట్టకండి. తడి గట్టు మీద నిలబడి బోర్డు ముట్టుకునే మనిషికి ఆ ఐసొలేషనే రక్ష.

తర్వాత కంపారేటర్ (రెండు వోల్టేజీల్ని పోల్చే భాగం) దగ్గర జీమిన్ స్టెప్పింగ్ (మొదటి డీసీ వోల్టేజీల్ని మెల్లమెల్లగా తేల్చే పద్ధతి) ఫెయిలైంది. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ ఉంది కదా, ఏ స్థితిలో ఆగాలో తేల్చుకోలేకపోతోంది. నోడ్‌సెట్ అనే కమాండ్‌తో ఔట్‌పుట్‌కి 0 వోల్టులు మొదటి అంచనాగా ఇస్తే కుదిరింది.

ఆర్‌షంట్ ఆప్షన్ ఇస్తే ప్రతి నోడ్ నుంచీ గ్రౌండుకి రెసిస్టర్ పడి మొదటి ఎర్రర్ మాయమవుతుంది గానీ, నిజంగా తెగిన కనెక్షన్ ఉన్నా కనబడనివ్వదు. నేనైతే వాడను.