త్రిపురాంతకం నుంచి శ్రీశైలానికి సైకిల్ మీద వెళ్లేవాళ్లకు

శివరాత్రి దగ్గర పడుతోంది. సైకిల్ మీద శ్రీశైలం వెళ్దామనుకునే కుర్రాళ్లు ముందు ఇది చదవండి. శ్రీశైలానికి తూర్పు ద్వారం మన త్రిపురాంతకం. స్వామికి దండం పెట్టుకుని యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా కొండెక్కితే దాదాపు 90 కిలోమీటర్లు. ఒక్క రోజులో అయ్యే పనే, కానీ టైము చూసుకుని తొక్కాలి.

దోర్నాల దాటితే పులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. తెల్లారగానే బయల్దేరి తొమ్మిదికల్లా దోర్నాల చేరండి. పదకొండు దాటిందా, ఇక ఆ రోజుకు అక్కడే ఆగిపోండి. మిగిలిన 50 కిలోమీటర్లలో ఎత్తులు చాలానే ఉంటాయి, అడవిలో చీకటి పడితే దిక్కుండదు. చెక్‌పోస్టులో సైకిళ్లను వదులుతున్నారో లేదో, జంతువులేమైనా తిరుగుతున్నాయో అడగండి. వద్దంటే వాదించకుండా బస్సెక్కండి. ఒంటరిగా మాత్రం పోవద్దు, దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

మాల వేసుకున్న స్వాములు చెప్పుల్లేకుండా తొక్కుతారు. ఇనుప పెడల్ ఎండకి వేడెక్కి అరికాలు బొబ్బలెక్కుతుంది, రబ్బరు పెడళ్లు వేయించుకోండి. పంచె అంచు చైన్‌లో పడితే సైకిల్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. గోచీ బిగించి కట్టండి, లేదా లోపల నిక్కరేసుకుని పైకి మడిచి దోపుకోండి. ఉపవాసమని నీళ్లు కూడా మానేస్తే శివుడు మెచ్చుకోడు, కాళ్లు పట్టేస్తాయి. అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకోండి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, స్టీలు సీసాల్లో. అడవిలో ప్లాస్టిక్ పారేయొద్దు. అరటిపండ్ల సంచి హ్యాండిల్‌కి తగిలించారో, కోతులు మీ మీదికే దూకుతాయి. మూత ఉన్న బ్యాగులో పెట్టి వెనక కట్టండి.

అందరూ ఎక్కడం గురించే టెన్షన్ పడతారు. నన్నడిగితే దిగడమే భయం. అలసిన ఒంటితో మలుపులో ఎదురుగా బస్సొస్తే సైకిల్ అదుపులో ఉండదు. బ్రేకులు ఆపకుండా నొక్కిపట్టి దిగితే రిమ్ము వేడెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. నొక్కుతూ వదులుతూ దిగాలి, మధ్యలో రెండు మూడుసార్లు ఆగాలి. బయల్దేరే ముందే బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించండి, ఖర్చు ఎంతో కాదు. అసలు తిరుగు ప్రయాణం అదే రోజు పెట్టుకోవద్దు. దర్శనం చేసుకుని రాత్రి కొండ మీదే పడుకోండి. ఒళ్లు సహకరించకపోతే సైకిల్ ఏ వ్యాన్‌లోనో వేసి దోర్నాలలో దిగండి.